నేను సిద్ధమే మేడమ్, ఇంట్లోవాళ్లే ‘ఛీ’ అంటున్నారు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం మీద ఉన్నాయి. పెద్దపేగు పూతకు, అంటే పెద్దపేగు లోపలి పొర పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్‌కు, చేసే మలమార్పిడి చికిత్స గురించి. మొదటి ఉత్తరం పెద్దది, దానికి జవాబూ పెద్దదే అయింది. మిగతా మూడింటికి చోటున్నంత మేరకు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నాకు 34 ఏళ్లు. ఖమ్మం జిల్లాలో ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. తొమ్మిదేళ్లుగా అల్సరేటివ్ కొలైటిస్ ఉంది. మెసలమైన్ మాత్రలు, రాత్రిపూట ఎనిమా, మధ్యమధ్యలో స్టెరాయిడ్లు, రెండేళ్లుగా అజాథయోప్రిన్. మాత్ర తగ్గించగానే రక్తం మొదలు. బస్సు ప్రయాణం ఉందంటే ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినను. స్కూల్లో టాయ్‌లెట్ తాళంచెవి ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది. ఇప్పుడు బయలాజిక్ ఇంజెక్షన్లు అంటున్నారు, ఖర్చు తలచుకుంటేనే టెన్షన్. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మలాన్ని మన పేగులోకి ఎక్కించే చికిత్స ఉందని చదివాను. నాకు అసహ్యం అనిపించలేదు, ఆశ పుట్టింది. తమ్ముడు ఇస్తానన్నాడు. మా అత్తమ్మ మాత్రం ‘ఛీ, నీ బుద్ధి చెడిపోయిందా, ఇంక నా వంటింట్లోకి రాకు’ అంది. మావారేమో వీడియోలు చూసి, మనమే ఇంట్లో చేసుకుందామని ఎనిమా కిట్టు, విడిగా ఒక మిక్సీ జారు కొనుక్కొచ్చారు. జారు ఇంకా డబ్బాలోనే అటక మీద ఉంది. ఈ చికిత్స నిజంగా పనిచేస్తుందా? ఇంట్లో చేసుకోవచ్చా? ఇలాంటిది కావాలనుకుంటున్నానంటే నాకు నిజంగానే బుద్ధి చెడిపోయిందా?

జవాబు: అమ్మా, ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు చెప్తాను. మీ బుద్ధికి ఏమీ కాలేదు. తొమ్మిదేళ్లు ఈ జబ్బుతో కాపురం చేసిన మనిషి ఎలా ఆలోచిస్తుందో మీరూ అలాగే ఆలోచిస్తున్నారు.

నాకు ఈ విషయం నేర్పింది నా పేషెంటే. దాదాపు పదేళ్ల కిందటి మాట. ములుగు వైపు పల్లె నుంచి ఒక మిర్చి రైతు హనుమకొండలో నా దగ్గరికి వచ్చేవాడు. యాభై దాటాయి. స్టెరాయిడ్లతో మొహం ఉబ్బి, షుగర్ వచ్చి, చేలో పని మధ్యలో పరుగెత్తలేక లుంగీ కింద గుడ్డ కట్టుకుని ఉండేవాడు. విదేశాల్లో ఇలాంటి పరిశోధనలు జరుగుతున్నాయని చెప్పాలనుకున్నాను. ఎలా చెప్పాలో తెలియక ‘ఆరోగ్యవంతుల పేగుల్లో మంచి సూక్ష్మజీవులు ఉంటాయి కదా, వాటిని సేకరించి, శుద్ధి చేసి...’ అంటూ ఐదు నిమిషాలు తిప్పి తిప్పి చెప్పాను. ఆయన మొత్తం విని, ‘అంటే పియ్యే గద మేడం?’ అన్నాడు. నేను తల దించుకున్నాను. ‘మీరెందుకు సిగ్గుపడుతున్రు? పదేండ్ల సంది దినాం పదిసార్లు నేను దాని మొఖమే చూస్తున్న. అండ్ల మందుంటే తీస్కుంట. ఎవలిది, ఏం పరీక్షలు చేసిన్రు, పనిజేస్తదా లేదా, గవి చెప్పుండ్రి’ అన్నాడు.

ఆ మూడు ప్రశ్నలు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి. ఎవరిది, ఏం పరీక్షలు చేశారు, పనిచేస్తుందా. సిగ్గు నాది, ఆయనది కాదు. ఆ రోజు నుంచి పేషెంటు ముందు ఆ మాటను మాటగానే పలుకుతున్నాను.

తర్వాత చదివితే తెలిసింది, షికాగోలోనూ ఇదే కనిపించిందని. అక్కడి విశ్వవిద్యాలయ డాక్టర్లు పెద్దపేగు పూత ఉన్న 15 మంది పెద్దవాళ్లను, ఈ జబ్బున్న పిల్లల తల్లిదండ్రులు ఏడుగురిని చిన్న చిన్న బృందాలుగా కూర్చోబెట్టి మాట్లాడించారు. 2012లో ఆ వివరాలు అచ్చయ్యాయి. మొదట ముఖం చిట్లించినవాళ్లు ఉన్నా, మాట ముందుకు సాగేకొద్దీ ఒక్కరు తప్ప అందరూ ఈ చికిత్స మీద ఆసక్తి చూపారు. ‘రోగులు సిద్ధం, మరి మనమో’ అని డాక్టర్లే తమను తాము ప్రశ్నించుకుంటూ ఆ వ్యాసానికి పేరు పెట్టారు. మరుసటి ఏడాది అదే బృందం 95 మందిని అడిగింది. 46 శాతం మంది చేయించుకుంటామన్నారు, 43 శాతం తేల్చుకోలేకపోయారు, వద్దన్నవాళ్లు పదకొండు శాతమే. అంతకుముందు ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినవాళ్లలో ఒప్పుకున్నవాళ్లు ఎక్కువ. అన్నిటికంటే పెద్ద భయం ఏమిటని అడిగితే, దాతకు అంటురోగాల పరీక్షలు సరిగ్గా చేశారా లేదా అన్నదే. చూశారా, మా మిర్చి రైతు అడిగిందీ అదే.

అసలు ఈ దారిలో ముందు నడిచినవాళ్లలో ఒకరు రోగే. 1989లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ఒక చిన్న ఉత్తరం వచ్చింది. రాసిన బెన్నెట్ అనే డాక్టరుకే పెద్దపేగు పూత. ఆరోగ్యవంతుల మలాన్ని ఎనిమాగా తన మీదే ప్రయోగించుకుని, ఆరు నెలల తర్వాత కూడా బాధలు లేకుండా ఉన్నానని రాశాడు. ఒక్క మనిషి అనుభవం రుజువు కాదు. కానీ మీకు కలిగిన ఆలోచన ఎంత పాతదో, ఎలాంటి మనుషులకు కలిగిందో తెలియాలని చెప్తున్నాను.

ఇక పనిచేస్తుందా అన్న ప్రశ్న. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు, వీడియోలు చేసేవాళ్లు ఆ పొరపాటును పెంచుతున్నారు. మలమార్పిడి అద్భుతంగా పనిచేసేది వేరే జబ్బులో. యాంటీబయాటిక్స్ ఎక్కువగా వాడాక పేగులో సి. డిఫిసిల్ అనే బ్యాక్టీరియా చెలరేగి ఆగని విరేచనాలు పెడుతుంది. దానికి 2013లో నెదర్లాండ్స్‌లో చేసిన పరిశోధనలో 16 మందిలో 13 మందికి ఒక్కసారి ఎక్కిస్తేనే తగ్గింది. మామూలు మందు వాడినవాళ్లలో 13 మందిలో నలుగురికే తగ్గింది. తేడా అంత పెద్దది కాబట్టి పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. ఎందుకలా? ఆ జబ్బులో పేగు పంట పోయి తుంగ మొలిచిన పొలం లాంటిది. మంచి నారు పడితే తుంగను అణచి అదే ఎదుగుతుంది. మీ జబ్బు అలా కాదమ్మా. మీ పేగులో మంచి బ్యాక్టీరియా రకాలు తగ్గిన మాట నిజమే, కానీ అదొక్కటే కారణం కాదు. మన రక్షణ వ్యవస్థే పేగు లోపలి పొర మీదికి తిరగబడింది. పొలంతో పాటు గట్టు కూడా తెగింది. ఎంత మంచి నారు వేసినా కొంత కొట్టుకుపోతుంది.

అందుకే మీ జబ్బులో లెక్కలు వేరుగా ఉన్నాయి. 2015లో కెనడాలోని హామిల్టన్‌లో 75 మందికి వారానికి ఒక ఎనిమా చొప్పున ఆరు వారాలు ఇచ్చారు. సగం మందికి మలంతో చేసిన ద్రవం, సగం మందికి ఉత్త నీళ్లు. మలం తీసుకున్నవాళ్లలో 24 శాతం మందికి జబ్బు సద్దుమణిగింది, నీళ్లు తీసుకున్నవాళ్లలో 5 శాతం మందికి. అక్కడొక విచిత్రం జరిగింది. మలం తీసుకుని బాగుపడ్డ తొమ్మిది మందిలో ఏడుగురికి ఇచ్చింది ఒకే దాత మలం. ఆ మనిషి పేగులో ఏముందో అని అప్పటి నుంచి అందరూ వెతుకుతూనే ఉన్నారు. అదే ఏడాది నెదర్లాండ్స్‌లో ముక్కు గొట్టం ద్వారా చిన్నపేగులోకి ఇచ్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2017లో ఆస్ట్రేలియాలో అనేకమంది దాతల మలాన్ని కలిపి వారానికి ఐదు రోజులు, ఎనిమిది వారాలు ఎనిమాలు ఇచ్చారు. 27 శాతం మందికి ఫలితం, ఉత్తుత్తి ఎనిమా వాళ్లలో 8 శాతం.

అంటే నూటికి పాతిక, ముప్పై మంది. తక్కువేం కాదు, స్టెరాయిడ్ల నుంచి బయటపడలేకపోతున్నవాళ్లకు అది చాలా విలువైన అవకాశం. కానీ మిగతా డెబ్బై మందిలో మీరు ఉండొచ్చు. తమ్ముడు ఇస్తే చాలు, తొమ్మిదేళ్ల బాధ పోతుందని మనసులో కట్టుకున్న ఇల్లు కూలితే ఆ దెబ్బ పేగు కంటే మనసుకు ఎక్కువ తగులుతుంది. అలా కూలిన ఇద్దరిని చూశాను కాబట్టి ముందే చెప్తున్నాను.

మన దేశంలోనూ మంచి పని జరిగింది. లూథియానాలోని దయానంద్ వైద్య కళాశాలలో 61 మంది మీద ఒక పరిశోధన చేసి 2019లో ప్రకటించారు. జబ్బు సద్దుమణిగినవాళ్లకు మళ్లీ తిరగబెట్టకుండా ఎనిమిది వారాలకోసారి ఏడాది పాటు ఎక్కించారు. రోగికి తెలిసే లక్షణాల్లో పైకి మేలుగా కనిపించినా, లెక్కలో అది నికరంగా తేలలేదు. కానీ కొలనోస్కోపీలో, అంటే కెమెరా గొట్టంతో పేగు లోపల చూస్తే పేగు పొర మానినవాళ్లు వీళ్లలో 58 శాతం, ఉత్తుత్తి చికిత్స వాళ్లలో 27 శాతం. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లది 2022లో వచ్చింది. పల్లెటూళ్ల ఆరోగ్యవంతుల మలాన్ని కొలనోస్కోపీతో వారానికి ఒకసారి చొప్పున ఏడుసార్లు ఎక్కిస్తూ, దానితో పాటు పేగు వాపును తగ్గించే ఆహారం పెట్టారు. ఎనిమిది వారాలకు 60 శాతం మందికి లక్షణాలు అణిగాయి, మామూలు మందులవాళ్లలో 32 శాతం మందికి. అయితే అక్కడ మలం, ఆహారం రెండూ కలిపి ఇచ్చారు. మేలు దేనివల్ల ఎంత జరిగిందో విడదీసి చెప్పలేం. నాకైతే ఆహారం వాటా చిన్నది కాదనిపిస్తోంది. ఎందుకంటే తర్వాత ఏడాది పొడవునా ఆ ఆహారం మీదే ఉన్నవాళ్లలో నాలుగో వంతు మందికి పేగు కూడా బాగానే నిలిచింది, రెండో వర్గంలో ఒక్కరికీ నిలవలేదు.

ఇప్పుడు మీ ఇంటి అటక మీది జారు గురించి. దాన్ని దించకండి. ఇది బతిమాలుకుని చెప్తున్న మాట. 2019 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఒక హెచ్చరిక ఇచ్చింది. పరిశోధనలో భాగంగా మలమార్పిడి చేయించుకున్న ఇద్దరికి, మందులకు లొంగని ఈ. కోలై బ్యాక్టీరియా సోకింది. ఇద్దరికీ ఇచ్చింది ఒకే దాత మలం. ఆ దాత ఆరోగ్యంగానే ఉన్నాడు. ఆ మలానికి ఈ ఒక్క పరీక్ష చేయలేదు. ఇద్దరిలో ఒకరు చనిపోయారు. వాళ్లిద్దరికీ రోగనిరోధక శక్తి తక్కువ. మీరు అజాథయోప్రిన్ మీద ఉన్నారమ్మా, మధ్యమధ్యలో స్టెరాయిడ్ల మీద. మీ నిరోధక శక్తిని మందులతో మేమే తగ్గించి ఉంచాం. పూత ఉన్న పేగు పొర పుండు లాంటిది, పైన చర్మం లేని చోట బురద పూసినట్టవుతుంది. మన దగ్గర యాంటీబయాటిక్స్ ఎంత విచ్చలవిడిగా వాడతారో మీకు తెలుసు. జలుబుకు, పంటినొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకుంటాం. మీ తమ్ముడు పహిల్వాన్‌లా ఉన్నా ఆయన పేగులో అలాంటి మొండి బ్యాక్టీరియా కూర్చుని ఉండొచ్చు, ఆయనకే తెలియకుండా.

ఇంట్లో చేసుకుని నా దగ్గరికి వచ్చిన ఒకామెను చూశాను. మూడో రోజుకు చలిజ్వరం, రోజుకు పద్దెనిమిది సార్లు విరేచనాలు. ఆసుపత్రిలో పన్నెండు రోజులున్నారు. ఇన్ఫెక్షనా, జబ్బే తిరగబడిందా అని తేల్చడానికే నాలుగు రోజులు పట్టింది, ఎందుకంటే ఇంట్లో ఏం చేశారో మొదట చెప్పలేదు. చెప్తే తిడతానని భయపడ్డారట. మా డాక్టర్ల మొహాలు అలా ఉంటాయి కాబట్టే మీలాంటివాళ్లు మాకు చెప్పకుండా మిక్సీ జార్లు కొంటున్నారు. ఆ తప్పులో మాకూ వాటా ఉంది.

మరి సరైన దారి ఏది? అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2024లో ఇచ్చిన సూచన ఏమిటంటే, పెద్దపేగు పూతకు దీన్ని మామూలు చికిత్సగా చేయొద్దు, అనుమతి ఉన్న పరిశోధనలో భాగంగా అయితేనే చేయాలి అని. నా మాటా అదే. మన దేశంలో మనుషుల మీద జరిగే మందుల పరిశోధనలు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి. సీటీఆర్‌ఐ అంటారు, ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. ఎక్కడైనా మీకు చేస్తామంటే సీటీఆర్‌ఐ నంబరు అడగండి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా అని అడగండి. అంగీకార పత్రం తెలుగులో ఇమ్మని అడగండి, ఇంటికి తెచ్చుకుని మీవారితో కలిసి చదవండి. పరిశోధనలో ఇచ్చే చికిత్సకు ఎదురు మీ దగ్గర లక్షలు అడిగారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఎలా ఉంటుందో కూడా తెలుసుకుని వెళ్లండి. ఎనిమా పద్ధతి అయితే ఎడమవైపు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని, నడుము కింద దిండు పెట్టుకుని పడుకోవాలి. వెచ్చబడిన గోధుమరంగు ద్రవం సన్నని గొట్టంలోంచి నెమ్మదిగా లోపలికి వెళ్తుంది. వాసన కొద్దిగా ఉంటుంది, మీకంటే గదిలోవాళ్లకే ఎక్కువ తెలుస్తుంది. కష్టమంతా దాన్ని లోపల ఆపుకోవడంలో ఉంది. మంట ఎక్కువగా ఉన్న పేగు పది నిమిషాలు కూడా ఆపుకోనివ్వదు. మీరు రాత్రిపూట మెసలమైన్ ఎనిమా ఆపుకుంటున్నారు కాబట్టి ఆ బాధ మీకు కొత్త కాదు. చేయించుకున్నవాళ్లు ‘అసహ్యం మొదటిరోజే మేడమ్, రెండోసారి నుంచి మామూలు ఎనిమాయే’ అన్నారు. కొలనోస్కోపీ పద్ధతి అయితే ప్రతిసారీ పేగు శుభ్రం చేసుకునే ఆ మందునీళ్లు తాగాలి. ఏడుసార్లంటే మాటలు కాదు.

బయలాజిక్స్ ఖర్చు గురించి భయపడ్డారు. వాటిలో ఒకటైన ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కు ఇప్పుడు బయోసిమిలర్లు, అంటే దానిలాగే పనిచేసేలా వేరే కంపెనీలు చేసే మందులు ఉన్నాయి. టోఫాసిటినిబ్ అనే మాత్ర జనరిక్‌గా దొరుకుతోంది, చాలా చవక. అయితే పిల్లలు కావాలనుకుంటే అది వాడకూడదు, రక్తం గడ్డకట్టే ప్రమాదం, అక్కి (షింగిల్స్) వచ్చే అవకాశం కూడా చూసుకోవాలి. మలమార్పిడి కోసం ఎదురుచూస్తూ వీటిని వాయిదా వేయకండి. పూత మండుతూ ఉన్న ప్రతి ఏడాదీ పేగుకు నష్టమే.

అత్తమ్మ గారి సంగతి. ఆవిడ ‘వంటింట్లోకి రాకు’ అన్నది కోపంతో అని నేననుకోవడం లేదు. ఆవిడకు తెలిసింది ఆ మాట ఒక్కటే, మీ తొమ్మిదేళ్లు తెలియదు. రాత్రి మూడింటికి మీరు బాత్రూం గచ్చు మీద కూర్చుని ఉండటం ఆవిడ చూశారా? చాలా ఇళ్లల్లో చూడరు, ఎందుకంటే మనం తలుపు వేసుకుని, నీళ్లు పోసి, రక్తపు మరక కనబడకుండా కడిగి వస్తాం. పేషెంటు అసహ్యాన్ని దాటేసి చాలా ఏళ్లయి ఉంటుంది, ఇంట్లోవాళ్లకు ఆ అసహ్యం ఇవాళే మొదలవుతుంది. ఆవిడకు కొంచెం టైం ఇవ్వండి. ఈ చికిత్స గురించి తర్వాత, ముందు జబ్బు గురించి చెప్పండి. వచ్చేసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు వెంట తీసుకెళ్లండి. మీ కొలనోస్కోపీ ఫొటో ఆవిడకు చూపించమని డాక్టరును అడగండి. ఎర్రగా, పచ్చిపుండులా ఉన్న ఆ ఫొటో చూసి, అరచేత్తో నోరు మూసుకుని, ‘ఇంత పుండు పెట్టుకుని నువ్వు నాకు వండి పెట్టినవా బిడ్డా’ అని ఏడ్చిన ఒక అత్తగారిని నేను నా గదిలోనే చూశాను.

ప్రశ్న: రాజమహేంద్రవరం నుంచి రాస్తున్నాను. వయసు 61. నాకూ ఇదే జబ్బు. మేము శాకాహారులం, నిత్యపూజ ఉంది. మాంసం తినేవారి మలం నా ఒంట్లోకి వస్తుందంటే మనసు ఒప్పుకోవడం లేదు. ఇలా అనుకోవడం తప్పా?

జవాబు: తప్పు కాదండీ. మీ ఒంట్లోకి ఏది రావాలో ఏది రాకూడదో చెప్పే హక్కు మీది. నేను గౌరవిస్తాను, ఏ డాక్టరైనా గౌరవించాలి.

తయారీ ఎలా ఉంటుందో చెప్తాను, మీరే నిర్ణయించుకోండి. మలాన్ని సెలైన్‌తో కలిపి, వడగడతారు. తిన్న ఆహారపు పీచు, ముతక భాగం చాలావరకు వడపోతలో ఉండిపోతుంది. కిందికి దిగే ద్రవంలో ఉండేది ముఖ్యంగా బ్యాక్టీరియా. దాన్ని చాలాచోట్ల మైనస్ 80 డిగ్రీల చలిలో భద్రపరుస్తారు. అయినా అది దాత ఒంటి నుంచి వచ్చిందే, అందులో ఆయన తిండి ఆనవాలు అసలే లేదని నేను చెప్పను. శాకాహారి దాత కావాలని అడగొచ్చు. కానీ పరిశోధనల్లో దాతను కేంద్రమే ఎంచుకుంటుంది, చాలాసార్లు అనేకమందివి కలుపుతారు. కాబట్టి సంతకం పెట్టకముందే అడగండి, కుదరదంటే మొహమాటపడకుండా వద్దని చెప్పండి. మందులతోనే నెట్టుకురాగలిగేవాళ్లు మీ వయసులో చాలామంది ఉన్నారు.

మా అమ్మమ్మ మీలాగే మడి పాటించేది. తెల్లవారుజామున పేడనీళ్లతో కల్లాపి చల్లి, అదే చేతిని కడుక్కుని దేవుడి దగ్గర దీపం పెట్టేది. శుచి అంటే ఏమిటో ఆవిడకు ఆవిడ లెక్క ఉండేది. మీకూ మీ లెక్క ఉంటుంది. అది మీ మనసుకు సమాధానంగా ఉండాలి, ఇంకొకరు ఒప్పిస్తే ఒప్పుకునేది కాకూడదు.

ప్రశ్న: నాకు 27, విజయవాడ. అక్కకు పెద్దపేగు పూత. మలదానం చేస్తావా అని అడిగింది, సరే అన్నాను. పోయిన నెల పంటి కోసం యాంటీబయాటిక్స్ వాడాను. పనికొస్తానా? ఏం పరీక్షలుంటాయి?

జవాబు: బాబూ, అక్క అడిగిన వెంటనే సరే అన్నందుకు సంతోషం. ఇప్పటికైతే పనికిరావు. యాంటీబయాటిక్స్ వాడాక కనీసం మూడు నెలలు ఆగాలి. రక్తంలో హెచ్‌ఐవీ, కామెర్ల వైరస్‌లు, సిఫిలిస్ చూస్తారు. మలంలో పరాన్నజీవులు, సి. డిఫిసిల్, మందులకు లొంగని బ్యాక్టీరియా చూస్తారు. ఇంట్లో ఎవరికైనా పేగు జబ్బులు, క్యాన్సర్ ఉన్నాయా, షుగర్, ఊబకాయం, కీళ్లవాతం ఉన్నాయా, కొత్తగా పచ్చబొట్టు వేయించుకున్నావా, శారీరక సంబంధాలు ఎలాంటివి, అన్నీ అడుగుతారు. ముందుకొచ్చినవాళ్లలో ఎక్కువమంది ఈ వడపోతలోనే ఆగిపోతారు. ఆగిపోయావంటే నీలో లోపం ఉందని కాదు.

ఒక విషయం ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. ఇంట్లోవాళ్లు దాతలైనప్పుడు పరీక్షలో ఏదైనా బయటపడితే అది ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. ‘తమ్ముడు ఎందుకు పనికిరాలేదు’ అని అక్క అడుగుతుంది, అమ్మ అడుగుతుంది. అందుకని నా ఫలితాలు నాకు ఒక్కడికే, విడిగా చెప్పాలని పరీక్షలకు ముందే డాక్టరుతో మాట్లాడుకో. తమ్ముడిది అయితే ఎక్కువ పనిచేస్తుందన్న రుజువు కూడా ఏమీ లేదు. అక్కకు నీది అయితే ధైర్యంగా ఉంటుంది, అంతే. ఆ ధైర్యాన్ని నువ్వు వేరే రకంగానూ ఇవ్వొచ్చు. ఆసుపత్రికి వెంట వెళ్లు, ప్రయాణంలో బాత్రూం ఉన్న చోటల్లా అడగకుండానే కారు ఆపు.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. ఇక్కడ మలంలోని బ్యాక్టీరియాతో చేసిన క్యాప్సూల్స్ మార్కెట్లోకి వచ్చాయి. గుంటూరులో ఉన్న అమ్మకు అల్సరేటివ్ కొలైటిస్. కొని పంపించనా?

జవాబు: పంపించొద్దు. మీరు చెప్తున్నది వౌస్ట్ అయి ఉంటుంది. 2023 ఏప్రిల్‌లో అనుమతి వచ్చింది, రోజుకు నాలుగు చొప్పున మూడు రోజులు మింగాలి. అంతకుముందు 2022 నవంబరులో రెబయోటా అనే ఎనిమా మందుకు అనుమతి ఇచ్చారు. ఈ రెండూ సి. డిఫిసిల్ మళ్లీ మళ్లీ వస్తున్నవాళ్లలో దాన్ని ఆపడానికే. అమ్మగారి జబ్బుకు వీటికి అనుమతి లేదు.

ఒక్క పని మాత్రం చేయించండి. పెద్దపేగు పూత ఉన్నవాళ్లకు సి. డిఫిసిల్ కూడా తోడయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు రక్తం, విరేచనాలు పెరుగుతాయి, జబ్బే ముదిరిందనుకుని స్టెరాయిడ్ పెంచేస్తారు. అమ్మగారికి ఈ మధ్య ఉన్నట్టుండి ఎక్కువై ఉంటే, డోసు మార్చేముందు మలానికి సి. డిఫిసిల్ టాక్సిన్ పరీక్ష చేయమని డాక్టరును అడగమనండి. రిపోర్టు ఫొటో తీసి, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీతో కలిపి నాకు మళ్లీ రాయండి.